సాయంత్రం అయిదు లోపల

మా సాఫ్ట్‌వేర్ రంగంలో ఎవరినైనా పేరు పెట్టి పిలవడమే ఆచారం. సంస్థ అధిపతి అయినా అంతే, నిన్న చేరిన కుర్రవాడు అయినా అంతే. పద్నాలుగేళ్లుగా నన్ను అందరూ పేరుతోనే పిలిచారు, నా కూతురి కంటే నాలుగేళ్లే పెద్దదైన హెచ్‌ఆర్ అమ్మాయితో సహా. కిందటి డిసెంబరులో ఒక బుధవారం మధ్యాహ్నం ఆ అమ్మాయి ఫోను చేసి, "మేడమ్, ఒక్క పది నిమిషాలు నాలుగో అంతస్తుకు రాగలరా?" అంది. ఆ 'మేడమ్' చెవిన పడగానే నాకు సంగతి తెలిసిపోయింది.

గాజు గోడల గది. బల్ల మీద టిష్యూ కాగితాల పెట్టె ఉంది. కొత్తది, పైనున్న ప్లాస్టిక్ పొర ఇంకా చించలేదు. నేను ఏడుస్తానని ముందే అనుకున్నారు కానీ, ఏడిచే మనిషి ఆ పొర ఎలా చించుకుంటుందో ఎవరికీ తోచలేదు. సంస్థలో మార్పులు జరుగుతున్నాయని, వాటిలో నా పాత్ర మిగలడం లేదని చెప్పారు. నేనే రాజీనామా మెయిల్ పంపితే రెండు నెలల జీతం, మంచి మాటలతో రిలీవింగ్ లెటర్ ఇస్తారట. పంపకపోతే 'తొలగింపు' అని రికార్డులో పడుతుందట, ఆ మాట పడితే మరెక్కడా ఉద్యోగం రాదట. గడువు సాయంత్రం అయిదు. అప్పటికి మూడూ పది అయింది.

వయసు మాట ఎవరూ ఎత్తలేదు. ఆ వారం మా అంతస్తు నుంచి ఆ గదిలోకి వెళ్లినవాళ్లు పదకొండు మంది. తొమ్మిది మందికి 45 దాటాయి.

నాలుగూ నలభైకి మెయిల్ పంపాను. "వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను" అన్న వాక్యం ఆ అమ్మాయే చెప్పింది, నేను టైపు చేశాను. నా బతుకులో నేను ఆడిన అబద్ధాల్లో అంత ఖరీదైనది ఇంకొకటి లేదు. ఎంత ఖరీదో తర్వాత లెక్క వేసుకున్నాను, ఆ లెక్క కిందికి వస్తుంది. ముందు మా నాన్న సంగతి చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో వయసు కారణంగా ఉద్యోగం పోయిన మొదటి మనిషి ఆయనే.

నాన్న రాష్ట్ర ప్రభుత్వంలో గుమాస్తా. నలుగురు పిల్లల్లో నేను ఆఖరుదాన్ని. 1983 జనవరిలో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఫిబ్రవరిలో ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు దిగింది. నిరుద్యోగ యువతకు దారి ఇవ్వాలన్నది చెప్పిన కారణం. 55 దాటి 58 నిండనివాళ్లంతా ఫిబ్రవరి 28న ఒక్కసారిగా దిగిపోవాలి. రాష్ట్రం మొత్తం మీద ప్రభుత్వ ఉద్యోగులే 18 వేలకు పైగా. నాన్నకు నెల ముందే 55 నిండాయి. ఆ రోజు జాంబాగ్ పూల దుకాణాల్లో దండలు అయిపోయాయని, తన మెడలో వేసిన దండ మధ్యాహ్నం వేరొకరి మెడలోంచి తీసిందని ఆయన చాలాకాలం నవ్వుతూ చెప్పేవారు. నవ్వు వెనక ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు, ఒక కొడుకు ఇంజినీరింగు ఫీజు ఉన్నాయని నాకు అప్పటికి తెలియదు. నాకు పదేళ్లు.

ఉద్యోగులు కోర్టుకు వెళ్లారు. 1984 ఆగస్టులో ప్రభుత్వం మారి, వయసు మళ్లీ 58 అయింది. అయితే అప్పటికే ఇంటికి వెళ్లినవాళ్లకు అది వర్తించదన్నారు. 1985 జనవరిలో నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు, వయసు తగ్గించడం ప్రభుత్వ విధాన నిర్ణయమేనని, అది చెల్లుతుందని చెప్పింది. ఓడిపోయారు. అదే ఏడాది ప్రభాకరరావు కేసులో, 58కి పెంచేటప్పుడు మధ్యలో దిగిపోయినవాళ్లను మాత్రం వదిలెయ్యడం సమానత్వానికి విరుద్ధమని జస్టిస్ ఓ. చిన్నప రెడ్డి ఉన్న ధర్మాసనం తేల్చింది. ఇంకా వయసు మిగిలినవాళ్లను తిరిగి తీసుకోవాలి, 58 దాటిపోయినవాళ్లకు పరిహారం ఇవ్వాలి. గెలిచారు. నాన్న ఆఖరి కొన్ని నెలలు మళ్లీ ఆఫీసుకు వెళ్లి, 1986లో రెండోసారి దిగిపోయారు. రెండుసార్లు రిటైరైన మనిషి అని బంధువులు ఆట పట్టించేవారు. రెండో దండ మాత్రం తాజాది.

నేను ఆయన కథను నా కథ పక్కన పెట్టి చూసుకుంటున్నది జాలి కోసం కాదు. ఆయన ఓడిన కేసుకూ గెలిచిన కేసుకూ ఆధారం ఒక్కటే, కాగితం మీద అచ్చయిన 55 అన్న అంకె. దాన్ని జారీ చేసినవాళ్లు ఉన్నారు, దానికి తేదీ ఉంది, చెప్పిన కారణం ఉంది. తప్పో ఒప్పో, న్యాయమూర్తి ముందు పెట్టి వాదించడానికి ఒక వస్తువు ఉంది. నా విషయంలో అంకె లేదు, ఉత్తర్వు లేదు, కారణం లేదు. ఉన్న ఒకే ఒక్క కాగితం నేను రాసింది. ఈ దేశంలో వయసు మీరిన ఉద్యోగిని వదిలించుకోవడానికి ఎవరూ వయసు మాట ఎత్తనక్కర లేదు. ఆ మనిషి చేతే రెండు వాక్యాలు రాయిస్తే చాలు.

మనవాళ్లు దేవుడికి కూడా ఉద్వాసన చెబుతారు. మట్టి వినాయకుడికైనా పూజ చేసి, ఉండ్రాళ్లు నైవేద్యం పెట్టి, మంత్రం చదివి, కొద్దిగా కదిపి మరీ చెబుతారు. విగ్రహం చేతే 'నేను వెళ్లిపోతున్నాను' అనిపించే పద్ధతి మాత్రం ఏ పూజా విధానంలోనూ లేదు.

చట్టం ఏమి చెబుతుందో ఆ బుధవారం నాకు తెలియదు. తర్వాత చదువుకున్నాను. రాజ్యాంగంలోని 15, 16 అధికరణాలు మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు వంటి కారణాలతో వివక్ష చూపరాదంటాయి. ఆ వరుసలో వయసు లేదు. పైగా 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకే. అందరూ సమానమనే 14వ అధికరణం చేతిలో ఉన్నా దాన్ని ప్రైవేటు సంస్థ మీదికి విసరలేము. 1981లో ఎయిర్ ఇండియా ఎయిర్‌హోస్టెస్‌ల కేసులో, మొదటి గర్భంతోనే ఉద్యోగం ఊడుతుందన్న నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేసింది. 35 ఏళ్లకే విరమణ అన్న దాన్ని మాత్రం నేరుగా ముట్టుకోలేదు. ఆపైన 45 వరకు పొడిగించడం మేనేజింగ్ డైరెక్టర్ ఇష్టాయిష్టాలకు వదిలెయ్యకూడదని మాత్రమే అంది. ఆ తీర్పు సారాంశం చదువుతూ, విమానంలో కాఫీ అందించడానికి 35 దాటితే ఏమి అడ్డం వస్తుందో అని చాలాసేపు ఆలోచించాను.

అంతమాత్రాన మన కార్మిక చట్టంలో పెద్దవాళ్లకు ఏమీ లేదనుకోవడం పొరపాటు. వయసు అన్న మాట లేదు కానీ వరస ఉంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 1953లో చేర్చిన సెక్షన్లు, వాటి స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, రెండూ ఇంచుమించు ఒకే మాట అంటాయి. మనుషులు ఎక్కువయ్యారని తీసెయ్యాలంటే, ఆ విభాగంలో చివర చేరినవాళ్లను ముందు తియ్యాలి. వరస తప్పిస్తే ఎందుకు తప్పించారో రాసి పెట్టాలి. నెల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. నోటీసులో కారణం ఉండాలి. పనిచేసిన ఒక్కో పూర్తి సంవత్సరానికి 15 రోజుల సగటు జీతం పరిహారంగా ఇవ్వాలి. కొత్త కోడ్ లెక్కన ఏడాది లోపల అదే పనికి మళ్లీ మనుషులను తీసుకుంటే, తీసేసినవాళ్లను ముందు పిలవాలి.

ఇప్పుడు లెక్క. పద్నాలుగేళ్లు, ఏడాదికి 15 రోజులు, మొత్తం 210 రోజులు. ఏడు నెలల జీతం. నాకు ఇస్తామన్నది రెండు నెలలది. మధ్యలో పోయిన అయిదు నెలల జీతం ఒక్కటే కాదు, రాతపూర్వక కారణం పోయింది, వరస పోయింది, తిరిగి పిలిపించుకునే హక్కు పోయింది. 'వ్యక్తిగత కారణాల వల్ల' అన్న మూడు మాటలకు ఇదంతా చెల్లించాను. తనంతట తాను వదులుకున్నవాళ్లకు ఈ సెక్షన్లు వర్తించవు, అందుకే ఆ అమ్మాయి నా పక్కన నిలబడి వాక్యం చెప్పింది. పాపం, ఆమెకు కూడా ఈ సంగతి తెలిసి ఉండదు. పైనుంచి వచ్చిన కాగితంలో ఉన్నది చదివింది.

ఇంకో వల కూడా ఉంది, దాన్ని నేను పదేళ్లు మెడలో వేసుకుని తిరిగాను. ఈ సెక్షన్లన్నీ 'కార్మికుల'కే. చేతిపని, సాంకేతిక పని, గుమాస్తా పని చేసేవాళ్లంతా కార్మికులే, జీతం ఎంతైనా సరే. పర్యవేక్షణ చేసేవాళ్లయితే నెలకు 18 వేలు దాటకూడదు. మేనేజర్లు అసలు రారు. నా విజిటింగ్ కార్డు మీద 'సీనియర్ మేనేజర్' అని ఉంది. ఆ కార్డు మా అత్తగారు బీరువా అద్దానికి గుచ్చి పెట్టుకున్నారు, వచ్చినవాళ్లకు చూపించడానికి. నా కింద పనిచేసేవాళ్లు సున్నా. సెలవు మంజూరు చేసే అధికారం సున్నా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను చేసింది సాఫ్ట్‌వేర్ పరీక్షించడం, తప్పులు రాయడం, సరిచేశాక మళ్లీ పరీక్షించడం. జీతం పెంచని ఏడాది బిరుదు పెంచారు, అంతే. పేరు ఏమని పెట్టారన్నది కాదు, చేసిన పని ఏమిటన్నదే చూడాలని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. అయినా ఆ కార్డు చూపించి, మీరు కార్మికురాలు కారంటారు. ఇప్పుడు నా వాదనంతా, పదేళ్లు గర్వంగా చెప్పుకున్న బిరుదు నాకు తగదని నిరూపించుకోవడం. మా అత్తగారికి ఇది ఎలా చెప్పాలో ఇంకా తెలియలేదు.

పేరుకు మేనేజరైనా అన్ని తలుపులూ మూసుకోవు. మన తెలంగాణలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. ఆరు నెలలు దాటి పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల నోటీసు లేకుండా తీసెయ్యకూడదని దాని 47వ సెక్షన్. కంప్యూటర్ సంస్థలకు ఈ చట్టంలో కొన్ని మినహాయింపులు ఇచ్చారు, అవి ఏయే సెక్షన్లకో ముందు చూసుకోవాలి. గ్రాట్యుటీకి, ఆఖరి జీతానికి మాత్రం మేనేజరా కాదా అన్న పేచీ లేదు. ఉద్యోగం ఎలా ముగిసినా ఆఖరి జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని కొత్త వేతనాల కోడ్ చెబుతుంది.

నాకు నవ్వు తెప్పించేది ఇంకొకటి ఉంది. మా సంస్థ ప్రధాన కార్యాలయం అమెరికాలో. అందువల్ల ఏటా మార్చిలో మేమంతా కంప్యూటర్ ముందు కూర్చుని వయసు వివక్ష మీద నలభై నిమిషాల పాఠం పూర్తి చెయ్యాలి. 1967లో వాళ్లు చేసుకున్న చట్టం అది, 40 దాటినవాళ్లకు రక్షణ. చివర పది ప్రశ్నలు. నాకు ప్రతిసారీ పదికి పది. ఆ చట్టానికి 1990లో చేర్చిన భాగం ప్రకారం, 40 దాటిన ఉద్యోగి చేత 'దావా వెయ్యను' అని సంతకం పెట్టించుకోవాలంటే, ఆలోచించుకోవడానికి 21 రోజులు ఇవ్వాలి. ఒకేసారి చాలామందిని తీసేస్తుంటే 45 రోజులు. సంతకం పెట్టాక కూడా మనసు మార్చుకోవడానికి ఏడు రోజులు. అంతేకాదు, ఎవరెవరిని ఎంచారో, ఎవరిని ఎంచలేదో వాళ్ల హోదాలు, వయసులు రాసి చేతికి ఇవ్వాలి. వయసులు, అంకెలు, కాగితం మీద! నాకు ఇచ్చింది గంటా యాభై నిమిషాలు.

మా వరసలోనే కూర్చునే ఒకాయన అమెరికా పౌరసత్వం తీసుకుని, తల్లిదండ్రుల కోసం గచ్చిబౌలికి తిరిగి వచ్చారు. విదేశాల్లో తమ సంస్థలకు పనిచేసే తమ పౌరులకు కూడా ఆ చట్టం వర్తిస్తుంది. అంటే ఒకే బల్ల, ఒకే పని, ఒకే వయసు, ఆయనకు రక్షణ ఉంది, నాకు దాని మీద పరీక్ష ఉంది.

ఈ గొడవంతా ఇప్పుడే ఎందుకు ముదిరింది? హైదరాబాదులో సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. ఆ చుట్టుపక్కల బండలు, తుప్పలు ఉన్న రోజుల్లో పాతికేళ్ల వయసుతో వచ్చి చేరినవాళ్లం మేము. ఆ తరానికి ఇప్పుడు 50 దాటాయి. ఈ నగరపు కంప్యూటర్ రంగానికి తల నెరవడం ఇదే మొదటిసారి. అరవయ్యేళ్ల ప్రోగ్రామర్ ఎలా ఉంటాడో మాదాపూర్ ఇంతవరకు పెద్దగా చూడలేదు. చూడనిదాన్ని భరించడం కూడా తెలియదు. ఇదే నగరంలో, 2021 నుంచి, ప్రభుత్వ ఉద్యోగి 61 దాకా పనికి వస్తాడు. సెక్యూరిటీ గార్డును 65 వరకు పెట్టుకోవచ్చని చట్టమే చెబుతుంది. మా ఆఫీసు గేటు దగ్గర రాత్రి పన్నెండు గంటలు నిలబడే పెద్దాయనకు 62. కుర్చీలో కూర్చుని ఆలోచించే పనికి 50 ఏళ్లకే అలసిపోతారట, రాత్రంతా నిలబడే పనికి 62 ఏళ్లు సరిపోతాయట.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2013లోనో, ఆ మరుసటి ఏడో, మా విభాగానికి ఇంటర్వ్యూలు చేస్తుండగా 47 ఏళ్ల మనిషి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. అడిగినవాటికి చక్కగా చెప్పాడు. "జట్టులో ఇమడరేమో" అని రాశాను. నా కంటే చిన్న హోదాలో ఆ వయసు మనిషి ఏమిటి, పని ఎలా చెప్పాలి అనిపించింది, అంతకు మించి కారణం లేదు. నేను రాసిన ఆ వాక్యంలో కూడా వయసు మాట లేదు. ఉద్యోగం ఇవ్వకపోవడంలో వయసు వివక్ష చూపితే ప్రైవేటు సంస్థను అడిగే దారి మన దగ్గర ఇంచుమించు లేదు. ఆ తెల్ల చొక్కా మనిషి నన్ను అడగగలిగింది ఏమీ లేదు.

మెయిల్ పంపిన రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఎనిమిదింటికి, రాజీనామా వెనక్కి తీసుకుంటున్నానని, అది నా ఇష్టంతో రాసింది కాదని సొంత మెయిల్ నుంచి రాశాను. ఆఫీసు మెయిల్ అప్పటికే మూసేశారు. అదే ఉత్తరం అచ్చు తీసి స్పీడ్ పోస్టులో కూడా పంపాను. రాజీనామా అమల్లోకి వచ్చే రోజు రాకముందు దాన్ని ఉపసంహరించుకోవచ్చని ప్రభుత్వ, ప్రభుత్వ రంగ ఉద్యోగుల కేసుల్లో సుప్రీంకోర్టు చెప్పింది. నన్ను అదే రోజు విడుదల చేశామంటున్నారు కాబట్టి ఆ దారి నాకు ఇరుకే. బలవంతం మీద, ఒత్తిడి మీద ఇచ్చిన సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చింది కాదని, దాన్ని రద్దు చేసుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టం అంటుంది, ఆ దారి కొంచెం వెడల్పు. ఒత్తిడి జరిగిందని నేను రుజువు చెయ్యాలి. గాజు గదిలో సాక్షి ఎవరు? టిష్యూ పెట్టె.

అందుకే చెబుతున్నాను, మీకూ అలాంటి ఫోను వస్తే, ఆ రోజు ఏమీ రాయకండి. ఇంటికి వెళ్లి చెబుతాననండి. తొలగిస్తామని బెదిరిస్తే తొలగించమనండి. చట్టం దృష్టిలో తొలగించబడినవాళ్లకు ఉన్న బలం రాజీనామా చేసినవాళ్లకు లేదు. తప్పనిసరై రాయవలసి వస్తే 'వ్యక్తిగత కారణాలు' అనకుండా 'సంస్థ కోరినందువల్ల' అని రాయండి, ఆ ఒక్క మాటకు వాళ్లు ఎలా ఉలిక్కిపడతారో చూడండి. నియామక పత్రం, జీతం చీటీలు, ఏటేటా ఇచ్చిన పనితీరు నివేదికలు ముందుగానే ఇంట్లో ఉంచుకోండి. నా నివేదికల్లో వరసగా ఆరేళ్లు 'ఆశించిన దాని కంటే మెరుగు' అని ఉంది, అవే ఇప్పుడు నాకు దిక్కు.

ఇంటి లెక్క కూడా ఉంది. పీఎఫ్ పింఛను వయసు 58. యాభై దాటాక ముందుగా తీసుకోవచ్చు కానీ, 58కి ఎన్నేళ్లు తక్కువైతే అన్ని నాలుగు శాతాలు కోస్తారు. జీతం 15 వేలు అన్నట్టుగానే లెక్క కడతారు గనుక, నా సర్వీసంతా కలిపినా ఆరు వేలు దాటదు. మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ నాలుగు వేలు. ఉద్యోగంతో పాటు అత్తగారి ఆరోగ్య బీమా కూడా ఆగిపోయింది, ఆ సంగతి ఆసుపత్రి బిల్లు కౌంటరు దగ్గర తెలిసింది.

కార్మిక శాఖలో ఫిర్యాదు ఇవ్వడానికి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కు వెళ్లాను. ఆ భవనానికి టంగుటూరి అంజయ్య పేరు పెట్టారు. ఆల్విన్ ఫ్యాక్టరీలో రోజుకు ఆరణాల కూలీగా మొదలుపెట్టి ముఖ్యమంత్రి అయిన మనిషి. లోపల ఉద్యోగి ఒకాయన నా కాగితాలు ఓపిగ్గా చదివి, "మెయిల్ మీరే పంపారు కదమ్మా?" అన్నారు. మర్యాదగానే అన్నారు. ఎదుటి వకీలు కూడా రేపు ఇదే అడుగుతాడు, అంత మర్యాదగా కాదు.

బయటికి వచ్చి టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. పక్క వీధులన్నీ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, స్టడీ హాళ్లు. నా పక్కన గ్రూప్స్‌కు చదువుతున్న అబ్బాయి. అబ్బాయి అన్నాను కానీ చెంపలు నెరిశాయి, 38 అట. కూలి పనికి వెళ్లే నాన్న నెలకు అయిదు వేలు పంపుతాడట. నేను ఎందుకు వచ్చానో అడిగి తెలుసుకుని, కొంచెం తటపటాయించి అన్నాడు. "ఏమీ అనుకోకండి అక్కా. వయసు 61కి పెంచినప్పుడు మేము చాలా తిట్టుకున్నాము. మూడేళ్లు ఎవరూ దిగలేదు కదా."

నాకు వెంటనే జవాబు రాలేదు. 1983లో నాన్నను దింపింది ఇలాంటి అబ్బాయి పేరు మీదే. ఆయన కుర్చీలోకి ఎవరైనా వచ్చారా అంటే, తిరిగి వెళ్లినప్పుడు ఆ కుర్చీ ఖాళీగానే ఉందని, మీద ఫైళ్లు పేర్చి ఉన్నాయని ఆయన చెప్పేవారు. ఒక కుర్చీతో లోకం తీరు తేల్చలేము, ఒప్పుకుంటాను. పెద్దవాళ్లు కదలని చోట పిల్లలకు చోటు ఉండదన్న మాటలో నిజం లేకపోలేదు. కొత్తది నేర్చుకోనని భీష్మించుకు కూర్చున్న పెద్దవాళ్లతో నేనూ వేగాను. అయితే ఈ అబ్బాయిని కూడా కోస్తున్నది అంకే కదా. నోటిఫికేషన్లు రాక ఏళ్లు గడిచిపోతే గరిష్ఠ వయోపరిమితి ముంచుకొచ్చింది, 44 అన్నారు, తర్వాత 46 అన్నారు. అతని వయసు గడిచిపోవడంలో అతని తప్పు ఎంతో, నా వయసు పెరగడంలో నా తప్పూ అంతే. తేడా ఒక్కటి ఉంది. అతని అంకె నోటిఫికేషన్‌లో అచ్చయింది కాబట్టి రోడ్డెక్కి పెంచమని అడిగారు, పెంచారు. టీ డబ్బులు అతన్ని ఇవ్వనివ్వలేదు.

జనవరిలో, ఖాళీగా కూర్చోవడం చేతకాక, అమీర్‌పేట వెళ్లాను. మైత్రీవనం పక్క సందులో కొత్త కోర్సుల బ్యానర్లు ఆకాశాన్ని కనబడనివ్వవు. కౌంటరు దగ్గర కుర్రవాడు రసీదు పుస్తకం తెరిచి, "బాబుకా ఆంటీ, పాపకా?" అన్నాడు. నాకే అన్నాను. పెన్ను మూత పెట్టి ఒకసారి తలెత్తి చూశాడు. ఇరవై ఆరేళ్ల అనుభవమని చెప్పాక లోపలికి వెళ్లి యజమానిని పిలుచుకు వచ్చాడు. నేర్చుకోవడానికి వెళ్లినదాన్ని, పాఠం చెప్పే పనితో బయటికి వచ్చాను. పొద్దుట ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్. బ్యాచ్‌కు ఇంత అని ఇస్తారు, అది ఎంతో మా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. కోర్సు మాత్రం వెనక బెంచీలో కూర్చుని ఉచితంగా నేర్చుకుంటున్నాను.

మన చట్టంలో వయసు అన్న మాట చేరాలని నేను కోరుకుంటున్నాను. అది ఎప్పుడు జరుగుతుందో గానీ, ఈలోగా ఇంకో చిన్న నిబంధన చాలు. సంస్థ అడిగి రాయించుకున్న ఏ రాజీనామా అయినా ఇన్ని రోజుల దాకా చెల్లదు అని ఒక్క వాక్యం. అమెరికావాళ్ల 21 అక్కర లేదు, ఏడు చాలు. ఏడు రాత్రులు ఇంట్లో పడుకుని ఆలోచించాక కూడా ఎవరైనా 'వ్యక్తిగత కారణాలు' అని రాస్తే, అవి నిజంగా వ్యక్తిగతమే అయి ఉంటాయి.

కిందటి వారం సాయంత్రం బ్యాచ్ పిల్లల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది. మా పాత సంస్థే, అదే విభాగం, నేను చేసిన అదే పని, నేను వాడిన అవే సాధనాలు. అనుభవం సున్నా నుంచి మూడేళ్లు. నన్ను పంపించి నాలుగు నెలలు కూడా కాలేదు. నేను దాన్ని అచ్చు తీసి, తేదీ రాసి, ఫైల్లో రాజీనామా మెయిల్ పక్కన పెట్టాను. క్లాసుకు వెళ్లేసరికి ముందు వరసలో అమ్మాయి, ఇరవై మూడేళ్లు ఉంటాయి, ఫోను పట్టుకుని లేచి నిలబడింది.

"మేడమ్, ఇక్కడ రాత పరీక్షలో ఎలాంటి ప్రశ్నలు అడుగుతారో మీకు ఏమైనా తెలుసా?"

తెలుసు. ఆ ప్రశ్నపత్రం తయారు చేసింది నేనే. బోర్డు తుడిచి, మొదటి ప్రశ్నతో మొదలుపెట్టాను.